శనివారాలావిడకు రాసిన రెండు ఉత్తరాలు

ఇన్నేళ్ళ సర్వీసులో మీరు మర్చిపోలేని కేసేదని ఈమధ్య ఒక కుర్ర డాక్టరు నన్ను అడిగాడు. పోయే ప్రాణం నిలబెట్టిన సంగతేదో చెబుతాననుకున్నాడు కాబోలు, కుర్చీ ముందుకు జరుపుకుని కూర్చున్నాడు. నాకు మాత్రం ఉప్పుడుపిండి గుర్తొచ్చింది. ఆ అబ్బాయి ఇక్కడ పుట్టి పెరిగినవాడు, ఉప్పుడుపిండి అంటే ఏమిటో తెలియదు. అతనికి చెప్పడం మొదలుపెట్టాక, మీ అందరికీ చెబితే సరిపోతుంది కదా అనిపించింది.

ముందే చెబుతున్నాను, ఇది కడుపుమంట కథ. ఆ మంట పూర్తిగా ఆరిందని అబద్ధమాడే వయసు కూడా దాటిపోయాను.

నేనూ, నా స్నేహితురాలూ ఆంధ్రాలో ఎం.బి.బి.యస్. చేసి, పై చదువుకి సిడ్నీ వచ్చినవాళ్ళం. నాది తెనాలి. దానిది కాకినాడ, వాళ్ళ నాన్నగారు చర్చి బడిలో టీచరు. వెస్ట్‌మీడ్‌లో ఒక ఫ్లాటు తీసుకుని కలిసి ఉండేవాళ్ళం. పుస్తకాలు, బియ్యం డబ్బా, చలికోటు అన్నీ ఉమ్మడే. నేను తెల్లవారుజామున లేచి చదివిన పాఠం అది రైల్లో పది నిమిషాలు తిరగేసి పరీక్ష రాసేది, మార్కులు ఇద్దరికీ ఒకటే వచ్చేవి. నా కోటు అది వేసుకుంటే వార్డులో నర్సులు కోటు బాగుందనేవారు. నేను వేసుకున్నప్పుడు ఒక్కరూ అనలేదు. ఇంటి యజమానురాలు గ్రీకు ముసలమ్మ, పెరట్లో నిమ్మకాయలు కోసి దాని చేతికే ఇచ్చేది. ఆ నిమ్మకాయలతో అది నాకు పులిహోర చేసి పెట్టేది. నవ్వుతూ పెట్టేది. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా మండేది.

మా పెద్ద డాక్టరు కూడా తెలుగాయనే. మేం పుట్టకముందో ఏమో ఈ దేశం వచ్చి స్థిరపడిన మనిషి. ఆస్పత్రిలో స్వీపరు దగ్గర్నుంచి అందరూ ఆయన్ని పేరు పెట్టి పిలుస్తారు. మేం మాత్రం సార్ అనేవాళ్ళం. ఆయన వద్దనీ వద్దనీ చివరికి ఊరుకున్నారు.

ఆయనది దీర్ఘరోగాల క్లినిక్కు. షుగరు, ఉబ్బసం, కీళ్ళవాతం, ఇలా జన్మంతా వెంట ఉండే జబ్బులు. ఈ దేశంలో ఊళ్ళ మధ్య దూరాలు మీకు తెలుసు. కొందరు రోగులు మా దగ్గరికి రావాలంటే రోజంతా రైల్లో కూర్చోవాలి. ట్రంకు కాలు చేస్తే క్షేమసమాచారాలు అయ్యేలోపు లైను తెగిపోయేది. అందుకని వాళ్ళు నెలకొకసారి తమ సంగతులన్నీ ఉత్తరంలో రాసేవారు. మేం ప్రతి గురువారం మధ్యాహ్నం కూర్చుని జవాబులు రాసేవాళ్ళం. ఇంగ్లీషులో రోగం సంగతి చెప్పుకోలేని తెలుగు ఆడవాళ్ళు అక్కడక్కడా ఉండేవారు, వాళ్ళు సారుకి తెలుగులో రాసేవారు. ఆ ఉత్తరాలు మా ఇద్దరికీ వచ్చేవి.

ఆయనదొక పద్ధతి. మేం రాసిన జవాబు మేమే ఆయన ఎదురుగా పైకి చదవాలి. ఆయన కళ్ళు మూసుకుని వినేవారు, తనే ఆ ఊళ్ళో మంచం మీద ఉన్న రోగి అయినట్టు. ఆయనకి నచ్చితే కింద సంతకం పెట్టేవారు. ఉత్తరం ఎవరు రాసినా సంతకం ఆయనదే. నేను చదివేటప్పుడు ఆయన కళ్ళు మాటిమాటికీ తెరుచుకునేవి. "ఈ మాట తిరగరాయమ్మా, భయపడతారు" అనేవారు. అది చదివితే చివరిదాకా మూసుకునే ఉండి, పోస్టు చెయ్యమనేవారు. నేను కాలేజీలో గోల్డ్ మెడలిస్టుని. దానికి మెడలు లేదు సరికదా, ఫార్మకాలజీ రెండోసారికి గట్టెక్కింది. ఈ సంగతి సారుకి తెలియజెయ్యాలని ఎన్నోసార్లు నాలిక చివరిదాకా వచ్చింది.

అసలు సంగతి ఏమిటంటే, ఆ ఏడాది చివర్లో ఆయన క్లినిక్కులో ఒకటే రిజిస్ట్రార్ పోస్టు, అంటే ఆయన కిందే స్పెషలిస్టుగా తయారయ్యే ఉద్యోగం, ఉంది. అది మా ఇద్దరిలో ఒకరికే ఇస్తానని ఆయన మొహం మీదే చెప్పేశారు. రెండోవాళ్ళు పడమటి గోధుమ పొలాల్లో ఎక్కడో చిన్న ఆస్పత్రికి పోవాలి. మార్కులు సమానం కాబట్టి ఉత్తరాలు చూసి నిర్ణయిస్తానన్నారు. ఆ పోస్టు నాకు రాకపోతే ఎలా బతకాలో కూడా నేను ఆలోచించలేదు. వచ్చి తీరుతుందనుకున్నాను.

అప్పుడు ఈ శనివారాలావిడ ఉత్తరం వచ్చింది. అప్పటికింకా ఆవిడకి ఆ పేరు లేదు. గోధుమ పండే ఒక మారుమూల ఊళ్ళో ఉండేది, భర్త ధాన్యం గోదాముల్లో ఇంజనీరు, ఒక చిన్న పాప. షుగరు ఎక్కువ, రోజూ పొద్దున్నే ఇన్సులిన్ పొడుచుకునేది. ఈమధ్య ఉన్నట్టుండి చెమటలు పట్టి కళ్ళు తిరిగి పడిపోతున్నానని రాసింది. ఆ ఊరి డాక్టరు ఇన్సులిన్ ఎక్కువైందని తగ్గించాడు. తగ్గిస్తే మిగతా రోజుల్లో షుగరు పెరిగిపోతోంది. ఇళ్ళల్లో రక్తపరీక్ష చేసుకునే మిషన్లు అప్పటికి రాలేదు, మూత్రంలో మాత్ర వేసి రంగు చూసుకోవడమే, నీలమైతే మంచిది, ఇటుక రంగైతే షుగరు ఎక్కువ. రంగు ఇటుకలా వస్తోందని రాసింది. పెంచితే పడిపోవడం, తగ్గిస్తే ఇటుక రంగు. ఏం చెయ్యాలో ఎవరికీ పాలుపోలేదు.

ఆవిడ పాత ఉత్తరాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. ఒకసారి భర్త ఇంట్లో ఉన్నప్పుడు పడిపోయింది, ఒకసారి పాపని ఈతకి తీసుకెళ్ళినప్పుడు, ఇంకోసారి వారం బట్టలు ఆరేస్తూ. అన్నీ వారాంతాలే. ఆదివారాలు మాత్రం కాదు, ఎందుకంటే ఆదివారం స్నేహితులతో బార్బీకి, అదే ఆరుబయట కాల్చుకు తినే విందుకి, వెళ్ళి హాయిగా ఉన్నామని రాసింది. నాకు వెలిగింది. మా అమ్మ కూడా జీవితమంతా శనివారాలు చేసిన మనిషే. ఈవిడ వెంకటేశ్వరస్వామికి ఉపవాసం ఉంటోంది. పొద్దున ఇన్సులిన్ పొడుచుకుని, సాయంత్రం దీపం పెట్టేదాకా ఏమీ తినడం లేదు. పడిపోక ఏం చేస్తుంది? అంతా శనివారాలు చేసేవాళ్ళే ఉండే చోట పెరిగిన మనిషికి, అది డాక్టరుకి చెప్పాల్సిన విషయమని తోచనే లేదు.

ఆ మాట చెప్పగానే సారు బల్ల చరిచారు. "భలే పట్టావమ్మా" అన్నారు. నా జీవితంలో ఆ గొంతుతో అలాంటి మాట మళ్ళీ వినలేదు. అది కూడా చప్పట్లు కొట్టింది, నాకంటే ఎక్కువ సంతోషపడింది. నేనైతే దాని స్థానంలో ఉంటే చచ్చినా కొట్టేదాన్ని కాదు.

నేను రాసిన జవాబు ఇప్పటికీ నోటికొచ్చు. శనివారం ఉపవాసం వెంటనే మానెయ్యాలి, ఇన్సులిన్ తీసుకుని తినకపోతే ప్రాణానికి ముప్పు, పాపకి తల్లి కావాలో వద్దో మీరే ఆలోచించుకోండి అని రాశాను. సారు వింటూ కళ్ళు తెరవలేదు గాని నొసలు ముడిచారు. చివర్న "మెడిసిన్ కరెక్టే" అని సంతకం పెట్టారు. నేను దానివైపు చూసి నవ్వాను. గెలిచేశాననుకున్నాను.

తర్వాత ఆవిడ ఉత్తరాలు ఆగిపోయాయి. బాగయ్యింది కాబట్టే రాయడం లేదని నేనన్నాను. ఒక గురువారం భర్త ఫోను చేశాడు. మళ్ళీ శనివారం పడిపోయిందట, ఈసారి స్టవ్వు దగ్గర, చెయ్యి కాలింది. ఉపవాసం మానెయ్యలేదు, మానేశానని ఆయనకి చెప్పి దాచి చేస్తోంది. ఉత్తరం సంగతెత్తితే ఏడుస్తోందట, ఇక రాయనంటోందట. పాప నెలలు నిండకుండా పుట్టి బతకదన్నప్పుడు మొక్కుకున్న శనివారాలవి. నా ఉత్తరం ఆ పాప పేరే ఎత్తి ఆ మొక్కే మానెయ్యమంది.

సారు ఫోను పెట్టేశారు. తర్వాత దానివైపు తిరిగి, "ఈసారి నువ్వు రాయమ్మా" అన్నారు.

మీరు చిన్నవాళ్ళు, మీకు ఎవరిమీదైనా అసూయ పుట్టిందో లేదో నాకు తెలియదు. పుడితే అది మనసులో పుట్టదు, కడుపులో పుడుతుంది. ఆ రోజు మధ్యాహ్నం నేను భోజనం చెయ్యలేకపోయాను. కేసు నాది. పట్టుకున్నది నేను. దేవుడు కూడా మా వైపు దేవుడే. ఏడుకొండలవాడి మొక్కు గురించి, ఆదివారం ఆదివారం చర్చిలో పాటలు పాడే పిల్ల ఏం రాస్తుంది? రాయనీ, అదీ చూద్దాం అని పళ్ళు నూరుకున్నాను.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా నేరుగా వంటింట్లో నా ఎదురుగా కూర్చుంది.

"ఏమే, మీ అమ్మగారు శనివారం పొద్దున్నుంచి ఏం చేస్తారో చెప్పవే. లేచిన దగ్గర్నుంచి."

చెప్పకూడదనుకున్నాను. కానీ ఈ దేశంలో అడుగుపెట్టాక మా అమ్మ గురించి నన్నడిగిన మొదటి మనిషి అది. నోరు నా మాట వినలేదు. తలస్నానం, తడిజుట్టు ముడి, పిండితో చేసిన దీపం. స్వామి ముందు పాలు, రెండు అరటిపళ్ళు. హారతివ్వగానే ఆ పాలు, పళ్ళు అమ్మ తీసుకునేది, ప్రసాదం కాదంటామా, దానికి ఉపవాసం చెడదనేది. మధ్యాహ్నం ఉప్పుడుపిండి. బియ్యపు రవ్వ, పెసరపప్పు, జీలకర్ర, దంచిన మిరియాలు, కరివేపాకు. రాత్రికి మళ్ళీ పాలు, పళ్ళు. అన్నం ముట్టదు. అలా చేసి అమ్మ ఎన్నడూ పడిపోలేదు, పైగా శనివారం ఇల్లంతా తనే కడిగేది. మిరియాలెన్ని అని కూడా అడిగింది. గుప్పెడు రవ్వకి ఆరు అని చెప్పాను.

అది లేచి కాగితం తెచ్చుకుంది. అప్పుడర్థమైంది నేనేం చేశానో. ఆవిడ చేసే ఉపవాసంలో లేనిదీ, మా అమ్మ ఉపవాసంలో ఉన్నదీ ఏమిటో నా నోటితోనే చెప్పి, దాని చేతిలో పెట్టాను. రాయడం అయ్యాక చదవమంటావా అని అడిగింది. నాకక్కర్లేదన్నాను. గురువారం సారు ముందు అది చదివేటప్పుడు కూడా నేను పనున్నట్టు వార్డులోకి వెళ్ళిపోయాను. తర్వాత తెలిసిందేమిటంటే, సారు ఆ ఉత్తరానికి శనివారం ఇన్సులిన్ ఎంత తగ్గించాలో మాత్రం చేర్చి, సంతకం పెట్టలేదట. "ఇది నీ గొంతు, నువ్వే పెట్టు" అన్నారట. ఆ క్లినిక్కులో సారు కాకుండా ఇంకొకరి సంతకంతో వెళ్ళిన ఉత్తరం నాకు తెలిసి అదొక్కటే. కళ్ళల్లో నిప్పులు పోసుకోవడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

ఆవిడ జవాబు వచ్చిన రోజు ముగ్గురం సారు గదిలోనే ఉన్నాం. ఆయనే పైకి చదివారు. పాలు, పళ్ళు తీసుకుంటున్నాను, పడిపోవడం లేదు, మిగతా రోజుల్లో రంగు కూడా నీలానికి దిగింది, మీరు చల్లగా ఉండాలి తల్లీ అని రాసింది. సారుకి నవ్వు ఆగలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, చర్చికెళ్ళే పిల్లవి, శనివారాల సంగతి నీకింత వివరంగా ఎలా తెలిసిందని దాన్నడిగారు.

అది నన్ను చూపించింది. "నాకేం తెలుసు సార్. అంతా ఇదే చెప్పింది. వాళ్ళ అమ్మగారు చేసే పద్ధతే అది."

నా గురించి మంచి చెప్పాననే అనుకుంది. దాని మొహంలో ఆ సంతోషం కనబడుతోంది. సారు నవ్వు ఆపి నావైపు తిరిగారు.

"ఇంత తెలిసి కూడా నువ్వు మానెయ్యమని రాశావా అమ్మా?"

కోప్పడలేదు. అర్థంకాక అడిగారు. కోప్పడి ఉంటే ఏదో ఒకటి జవాబు చెప్పేదాన్ని. పోస్టు దానికే వస్తుందని ఆ క్షణంలోనే తెలిసిపోయింది. నన్ను ముంచాలని అది పన్నాగం పన్ని ఉంటే ఇంత చక్కగా కుదిరేది కాదు. నిజం చెప్పి ముంచింది, పైగా మెచ్చుకుంటూ ముంచింది. ఇక నేను ఎవరిని తిట్టుకోను?

నేను రైలెక్కే రోజు స్టేషనుకొచ్చి అది గొల్లున ఏడ్చింది. నాకు చుక్క కన్నీరు రాలేదు. గెలిచినవాళ్ళకి ఏడవడం తేలిక. ఆ చలికోటు నువ్వే ఉంచుకోమని నా భుజాల మీద వేసింది. ఆ కోటు అసలు నాదే.

నేను పోయి పడిన ఊళ్ళో ఆస్పత్రి, పబ్బు, పోస్టాఫీసు, ఒక దుకాణం ఉండేవి. మిగతాదంతా గోధుమ. నర్సులు మంచివాళ్ళు, నా పేరు పలకలేక డాక్ అనేవారు. సాయంత్రాలు నాకు ఒకటే పని, దాన్ని తిట్టుకోవడం. మా అమ్మని దొంగిలించి పైకొచ్చిందని తిట్టుకునేదాన్ని. మా అమ్మ పాలు, మా అమ్మ పళ్ళు, మా అమ్మ ఆరు మిరియాలు, కింద సంతకం దానిది. ఆ ఒక్క మాట పట్టుకునే ఆ చలికాలం వెళ్ళదీశాను.

ఒక శనివారం డ్యూటీలో ఉండగా తెలుగావిడ ఎవరో వచ్చారని నర్సు చెప్పింది. బక్కపలచటి మనిషి, చేతిమీద కాలిన మచ్చ, పక్కన రెండు జడల పాప. ఆ మచ్చ చూడగానే ఎవరో తెలిసింది. ఆవిడ ఊరు మా ఆస్పత్రి కిందికే వస్తుందని అప్పటిదాకా నేను గమనించనే లేదు. తెలుగు డాక్టరు వచ్చిందని విని, కారులో అంత దూరం వచ్చిందట. పరీక్ష చేశాను. శనివారం మధ్యాహ్నం, ఇన్సులిన్ మీద ఉన్న మనిషి, షుగరు ఉండాల్సినంత ఉంది. పుస్తకంలో చూపించడానికి పనికొచ్చేటంత బాగా ఉంది.

తన కథంతా చెప్పుకొచ్చింది. "ముందు ఆ పెద్ద డాక్టరుగారు మానెయ్యమని గట్టిగా కోప్పడి రాశారండి. మగమనిషి కదా, ఆయనకేం తెలుస్తాయి మన ఇబ్బందులు."

నేను ఆవిడ బి.పి. రెండోసారి చూడటం మొదలుపెట్టాను.

"తర్వాత ఒక డాక్టరమ్మ రాసింది చూడండీ" అంటూ సంచిలోంచి ఒక స్టీలు డబ్బా, దానిమీద నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది. ఆ చేతిరాత ఎంత దూరం నుంచైనా గుర్తుపట్టగలను. టైమైంది, తినాలండీ అని మూత తీసింది. ఉప్పుడుపిండి. రవ్వ దొరక్క బియ్యం కాఫీ గింజల మిషన్లో పట్టిందట, అదీ ఆ ఉత్తరంలో రాసిన ఉపాయమేనట. మూతలో కాస్త వేసి నా ముందు పెట్టింది. వద్దనబోయాను. వాసన తగిలింది, చెంచా అందుకున్నాను.

తెనాలిలో మా వంటింటి గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని తిన్నట్టే ఉంది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. మా ఇంటి కూరే పొరుగు చుట్టూ తిరిగి నా దగ్గరికొచ్చింది.

"వాళ్ళమ్మగారు మహా నేర్పరి అయి ఉండాలి" అన్నాను. నా గొంతులో పుల్ల విరుపు నాకే వినిపించింది. ఆ డాక్టరమ్మ తనదిగా చెప్పుకుందని ఆవిడ నోటితో కూడా వినాలని నాకుంది.

"వాళ్ళమ్మగారు కాదండీ. రాసిందిగా ఇందులో." కాగితం విప్పి, వేలితో చూపిస్తూ చదివింది. "ఈ పద్ధతి నాది కాదు, నా స్నేహితురాలి తల్లిగారిది. ఆవిడ జీవితమంతా ఇలాగే చేశారు, కాబట్టి మీరు నమ్మకంగా చెయ్యండి. అదండీ. ఆ స్నేహితురాలెవరో, ఆ తల్లెవరో గాని, రోజూ దణ్ణం పెట్టుకుంటాను."

దొంగ అని తిట్టుకోవడానికి కూడా వీల్లేకుండా చేసింది. ఆ చలికాలం అంతా నేను పట్టుకు వేళ్ళాడిన ఆ ఒక్క ఆసరా అక్కడ, ఆ ఇనప బల్ల మీద, పోయింది. ఆ స్నేహితురాల్ని నేనేనని చెప్పాలనిపించింది. చెబితే మొదటి ఉత్తరం ఎవరిదో కూడా చెప్పాల్సొస్తుంది. రెండో చెంచా తిన్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆవిడ కంగారుగా చూసింది.

మిరియాలు కాస్త ఎక్కువయ్యాయండీ అన్నాను.

ఆవిడ ఉత్తరం మళ్ళీ తీసి, ఆ చోటు వెతికి, శ్రద్ధగా చదువుకుంది.

"లేదండీ డాక్టరుగారూ, గుప్పెడుకి ఆరే. రాసినన్నే వేశాను."